నువ్వుల్లా వేయించకండి: హెంప్ గింజల వంటపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వంటింటి శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హెంప్ గింజల గురించే. లడ్డూ చేదొచ్చిందని కొందరు, పొడి కంపు కొడుతోందని కొందరు, పాలు విరిగిపోయాయని ఇంకొందరు రాశారు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి ఒక్కదానిగా ఇస్తున్నాం. ఇవి గంజాయి జాతి మొక్క గింజలే అయినా గింజలు మత్తెక్కించవు. 2021 నవంబరులో ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) హెంప్ గింజనీ, దాని నూనెనీ, పిండినీ ఆహారంగా గుర్తించింది. ఆకు, పూత సంగతి పూర్తిగా వేరు. దాని గురించి కూడా ఒకరు అడిగారు, జవాబు కింద ఉంది.

ప్రశ్న: హెంప్ గింజలు కొని నువ్వులుండల మాదిరే లడ్డూలు చేశాను. గింజల్ని నెయ్యిలో ఎర్రగా వేయించి, పొడి చేసి, బెల్లం పాకంలో కలిపాను. పిల్లలు ఒక ముక్క కొరికి, ఇసుక నమిలినట్టుంది, చేదుగా ఉంది అని పక్కన పెట్టేశారు. తప్పెక్కడ జరిగింది?
*కొర్లగుంట, తిరుపతి*

ఇసుకకు కారణం వేరు, చేదుకు కారణం వేరు. ముందు ఇసుక సంగతి చూద్దాం. ఈ గింజలు బజారులో రెండు రకాలుగా దొరుకుతాయి. పొట్టుతో ఉన్నవి బూడిద రంగులో, పైన పాలరాయి గీతల్లాంటి మచ్చలతో ఉంటాయి. పొట్టు తీసినవి లేత తెలుపులో, అక్కడక్కడా ఆకుపచ్చ చుక్కలతో, నువ్వుల కంటే కాస్త పెద్దగా, మెత్తగా ఉంటాయి. మీరు కొన్నవి మొదటి రకం. ఆ పొట్టు మిక్సీలో ఎంత తిప్పినా పూర్తిగా నలగదు, పంటి కింద కరకరలాడుతుంది. లడ్డూకి పొట్టు తీసినవే వాడాలి. ధర ఎక్కువే, కానీ తీపి వంటకంలో పొట్టును దాచే ఉపాయం లేదు.

చేదు మాత్రం వేయించడంలోనే పుట్టింది. నువ్వుల నూనె చెడకుండా కాపాడే పదార్థాలు నువ్వుల్లోనే ఉంటాయి కాబట్టి ఎర్రగా వేయించినా కమ్మగానే ఉంటాయి. హెంప్ గింజ నూనెలో నాలుగింట మూడు వంతులకు పైగా వేడికీ గాలికీ తొందరగా పాడయ్యే రకం కొవ్వులే. గింజ ఎర్రబడేదాకా ఆగితే లోపలి నూనె అప్పటికే చేదెక్కి ఉంటుంది. పైగా మీరు నెయ్యి కూడా వేశారు. నెయ్యి వేడిని గింజ మొత్తానికీ పట్టించి ఆ పని ఇంకా తొందరగా చేయిస్తుంది.

పొట్టు తీసిన గింజల్ని ఇలా వేయించండి. అడుగు మందంగా ఉన్న బాండ్లిని సన్నని మంట మీద ఒక నిమిషం వేడెక్కనివ్వండి. నూనె, నెయ్యి ఏమీ వద్దు. గింజలు పోసి గరిటె ఆపకుండా తిప్పండి. మొదట పచ్చిగడ్డి వాసన వస్తుంది. ఒకటిన్నర నుంచి రెండు నిమిషాల మధ్య ఆ వాసన పోయి జీడిపప్పు వేయించినట్టు సన్నగా కమ్మదనం మొదలవుతుంది. రంగు తెలుపు నుంచి మీగడ రంగుకు వచ్చీ రానట్టుంటుంది. అప్పుడే దించాలి. దించి బాండ్లిలోనే వదిలేయకండి. ఆ ఇనుము వేడి ఇంకో రెండు నిమిషాలు గింజల్ని వేయిస్తూనే ఉంటుంది. వెంటనే వెడల్పాటి పళ్ళెంలో పరిచి ఆరబెట్టండి. చాలామందికి గింజ మాడేది పొయ్యి కట్టేశాకే.

కొలతలు: పొట్టు తీసిన హెంప్ గింజలు ఒక కప్పు, అంటే దాదాపు 160 గ్రాములు. చెనిగ్గింజలు (వేరుశెనగలు) 100 గ్రాములు, నువ్వులు 50 గ్రాములు, తురిమిన బెల్లం 170 గ్రాములు, ఏలకులు నాలుగు, శొంఠి పొడి పావు టీ స్పూను, ఉప్పు రెండు చిటికెలు. చెనిగ్గింజల్నీ నువ్వుల్నీ విడివిడిగా మీకు అలవాటైనట్టు దోరగా వేయించుకోండి. లడ్డూకి కమ్మదనం ఇచ్చేది అవే. హెంప్ గింజకు ఆ పని అప్పగించకూడదు. ముందు చెనిగ్గింజలు, నువ్వులు, ఏలకులు, శొంఠి, ఉప్పు, బెల్లం కలిపి రవ్వలా పట్టండి. ఆఖరున హెంప్ గింజలు వేసి మూడు నాలుగు సార్లు ఆపి ఆపి తిప్పండి, అంతే. ఏకబిగిన తిప్పితే నూనె బయటికొచ్చి ముద్దవుతుంది, లడ్డూ జిడ్డు కారుతుంది. ఉండ కట్టకపోతే గోరువెచ్చని నెయ్యి రెండు టీ స్పూన్లు చాలు. నిమ్మకాయంత ఉండలు 18 నుంచి 20 దాకా వస్తాయి.

పాకం పట్టకండి. ఉడుకు పాకం గింజల్ని మళ్ళీ ఉడికిస్తుంది. బెల్లం విషయంలో ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్ళకు వెతుక్కునే పని లేదు. పసుపుగా మెరిసే అచ్చుల కంటే ముదురు రంగు బెల్లం తీసుకోండి. దాని ఘాటు ఈ గింజలోని గడ్డి రుచిని బాగా కప్పేస్తుంది. ఉప్పు మాత్రం మానకండి. నాలుక మీద చేదును అణచడంలో ఆ రెండు చిటికెలు చేసే పని ఇంకో 50 గ్రాముల బెల్లం చేయలేదు.

ప్రశ్న: పొట్టుతో ఉన్న గింజలు అరకిలో కొనేశాను. పారేయాల్సిందేనా?
*పలమనేరు*

అక్కర్లేదు. కారం వంటకాలకు ఇవే మేలు. ఉత్తరాఖండ్‌లోని కుమావూ కొండల్లో చలికాలమంతా ఈ గింజలతోనే పచ్చడి చేసుకుంటారు. గింజల్ని వేయించి, జీలకర్ర, మిరపకాయ, కొత్తిమీరతో నూరి, నిమ్మరసం పిండుతారు. నూరాక పొట్టును వడకట్టి తీసేసే ఇళ్ళూ ఉన్నాయి. మన సంగటికి పనికొచ్చే కిటుకు అదే.

ముందు గింజల్ని చేటలో చెరగండి. పుల్లలు, పూత తొడిమల ముక్కలు ఉంటే చేదంతా వాటిదే. తర్వాత రెండు నీళ్ళు పోసి కడిగి, గుడ్డ మీద పూర్తిగా ఆరబెట్టండి. 100 గ్రాములు తీసుకుని సన్నని మంట మీద వేయించండి. రెండు మూడు నిమిషాలకు అక్కడొకటి ఇక్కడొకటి చిటపటమంటాయి. పదో పన్నెండో గింజలు చిట్లగానే దించేయండి. అన్నీ చిట్లాలని చూస్తే మాడతాయి.

ఆరాక పొడిగా పట్టి, అందులో 150 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి మళ్ళీ తిప్పండి. పల్చని గుడ్డలో పోసి గట్టిగా పిండితే కొబ్బరిపాల చిక్కదనంతో, కాస్త బూడిద రంగులో పాలు దిగుతాయి. గుడ్డలో మిగిలిన పిప్పిలో ఇంకో 50 మిల్లీలీటర్లు పోసి మరోసారి పిండండి. పిప్పి పారేయొచ్చు. మీరు ఎప్పుడూ చేసే ఊరుబిండిలో (చెనిగ్గింజల పచ్చడిలో) చెనిగ్గింజలు సగానికి తగ్గించి, నూరేటప్పుడు నీళ్ళకు బదులు ఈ పాలు పోయండి. ఎర్రగడ్డ, చింతపండు, ఎండుమిరపకాయలు మామూలుగానే. చింతపండు మాత్రం రోజూ వేసేదాని కంటే గోళీకాయంత ఎక్కువ వేయండి. పులుపు తగ్గితే ఈ పచ్చడి మట్టివాసన వేస్తుంది. తిరగమోత పెట్టి వెంటనే సంగటితో తినండి, మర్నాటికి రుచి దిగిపోతుంది.

ప్రశ్న: ఇడ్లీలోకి హెంప్ గింజల కారప్పొడి చేశాను. మొదటి వారం బాగుంది. పది రోజులకు రంగు డబ్బా తెరిచినట్టు వాసన. నీళ్ళేమీ తగల్లేదు. మరి ఎందుకు పాడైంది?
*శ్రీకాళహస్తి*

నీళ్ళతో సంబంధం లేదు, గాలితో వచ్చిన తంటా ఇది. గింజ పగలనంత వరకు పొట్టు దాన్ని కాపాడుతుంది. పొడి కొట్టగానే నూనె మొత్తం గాలికి బయటపడుతుంది. రంగుల్లో కలిపే అవిసె నూనె గాలి తగిలి ఎలా ముదురుతుందో ఇదీ అలాగే ముదురుతుంది. అందుకే మీకు రంగు డబ్బా గుర్తొచ్చింది. మన ఎండాకాలంలో పొయ్యి పక్క అలమారలో పెడితే పది రోజులు కూడా ఎక్కువే. అలాంటి వాసన వచ్చిన పొడిని కారం ఎక్కువ వేసి సర్దుకోవాలని చూడకండి, పారేయండి.

ఈసారి పొడిని రెండు భాగాలుగా చేయండి. పప్పులు (పుట్నాలు) 100 గ్రాములు, ఎండుమిరపకాయలు 12, జీలకర్ర ఒకటిన్నర టీ స్పూను, కరివేపాకు రెండు రెబ్బలు, గింజలు తీసి ఎండబెట్టిన చింతపండు చిన్న ఉసిరికాయంత, ఉప్పు ఒకటిన్నర టీ స్పూను. వీటన్నిటినీ మామూలుగా వేయించి పొడి చేసి డబ్బాలో పోసుకోండి. ఇది నెల రోజులైనా ఉంటుంది. పొట్టు తీసిన హెంప్ గింజల్ని వేయించకుండా గాజుసీసాలో, ఫ్రిజ్‌లో ఉంచండి. వారానికొకసారి ఆరు టీ స్పూన్ల గింజలు తీసి, రెండు నిమిషాలు వేయించి, ఆరాక రోట్లో కచ్చాపచ్చాగా దంచి, పన్నెండు టీ స్పూన్ల కారప్పొడిలో కలుపుకోండి. తెల్లగడ్డలు ఇష్టమైతే నాలుగు రెబ్బలు అప్పుడే చేర్చండి. పచ్చి తెల్లగడ్డ తేమ నెలరోజుల పొడిలో ఉండకూడదు.

మంచి గింజను గుర్తుపట్టాలంటే ప్యాకెట్ తెరవగానే నాలుగు గింజలు అరచేతిలో వేసి బొటనవేలితో రుద్ది వాసన చూడండి. అక్రోటు, పచ్చిగడ్డి కలిసినట్టుంటే తాజావి. చేపవాసన, రంగు వాసన, పాత నూనె వాసన ఏది తగిలినా వెనక్కి ఇచ్చేయండి. గొంతులో గీరినట్టుండే చేదు కూడా పాతబడ్డదానికి గుర్తే.

ప్రశ్న: హెంప్ గింజల పాలు తీసి కాఫీలో పోస్తే ముక్కలు ముక్కలుగా విరిగిపోతున్నాయి. కాచినా విరుగుతున్నాయి.
*బైరాగిపట్టెడ, తిరుపతి*

వీటిని ఆవుపాలలా కాచకూడదు. ఈ గింజలోని మాంసకృత్తులు వేడికి గడ్డకడతాయి, పులుపు తగిలితే ఇంకా ముందే గడ్డకడతాయి. కాఫీ డికాషన్‌లో రెండూ ఉన్నాయి.

పొట్టు తీసిన గింజలు 100 గ్రాములకు చల్లని నీళ్ళు అరలీటరు. నానబెట్టే పని లేదు. ముందు పావు లీటరు నీళ్ళతో ఒక నిమిషం తిప్పి, మిగతా పావు లీటరు పోసి మరో అరనిమిషం తిప్పండి. మిక్సీ జార్ వేడెక్కిందంటే పాలలో చేదు మొదలవుతుంది, అందుకే చల్లని నీళ్ళు. పల్చని గుడ్డలో పోసి, పిండకుండా దానంతట అది దిగనివ్వండి. గట్టిగా పిండితే ఆకుపచ్చ చుక్కల పిండి కూడా దిగి గడ్డిరుచి వస్తుంది. పచ్చడికి పిండమన్నాం, పాలకు వద్దంటున్నాం. అక్కడ కారం, పులుపు కాపాడతాయి, ఇక్కడ కాపాడేవేవీ లేవు. ఒక చిటికెడు ఉప్పు, గింజ తీసిన ఖర్జూరాలు రెండు తిప్పేటప్పుడే వేస్తే చాలు. ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటాయి. పైన నీళ్ళు, కింద చిక్కటిది విడిపోవడం చెడిన గుర్తు కాదు, సీసా ఊపి పోసుకోండి.

కాఫీలో తప్పదనుకుంటే పాలను విడిగా వేలు పెట్టగలిగేంత వెచ్చగా చేసి గ్లాసులో పోసి, డికాషన్‌ను కాసేపు ఆరనిచ్చి, సన్న ధారగా పాలలోకి పోయండి. డికాషన్‌లోకి పాలు పోస్తే విరగడం ఖాయం. మా మాట వింటే కాఫీ కంటే రాగిజావ మేలు. జావ కాచి దించి, తాగేంత వెచ్చదనానికి వచ్చాక, గ్లాసుకు పావు వంతు ఈ పాలు, కాస్త బెల్లం, ఏలకుల పొడి కలపండి. రాగి మట్టిరుచి, హెంప్ గింజ రుచి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. తోతాపురి గుజ్జుతో మాత్రం కలపకండి, ఆ పులుపుకు పాలు తొరకలు కడతాయి. బాగా మాగిన బంగినపల్లి అయితే పర్వాలేదు.

ప్రశ్న: విత్తనాల అంగడిలో "జనపగింజలు" అడిగితే నల్లటి గింజలు ఇచ్చారు. ఫోనులో హెంప్ అని కొడితే జనపనార అనే వస్తోంది. ఇవి తినొచ్చా?
*పుంగనూరు*

తినకండి. ఇది రుచి కంటే ముఖ్యమైన విషయం. జనపనార అంటే గోనెసంచుల నార మొక్క. జనుము అంటే రైతులు పచ్చిరొట్ట ఎరువుకు చల్లే పసుపు పూల మొక్క. ఇంగ్లీషులో దాని పేరులోనూ హెంప్ అనే మాట ఉండటంతో ఈ తికమక. జనుము గింజల్లో కాలేయాన్ని దెబ్బతీసే విషపదార్థాలు ఉంటాయి. చూసి గుర్తుపట్టడం తేలికే: జనుము గింజ మూత్రపిండం ఆకారంలో, బల్లపరుపుగా, నున్నగా, ముదురు రంగులో ఉంటుంది. హెంప్ గింజ గుండ్రంగా, మూడు నాలుగు మిల్లీమీటర్లు, మచ్చల పొట్టుతో, గోటితో నొక్కితే పగిలేలా ఉంటుంది.

విత్తనాల అంగడిలో ఏదీ తినడానికి కొనకండి. విత్తే గింజలకు మందు పట్టించి ఉంటారు. హెంప్ గింజల్ని ఆహారంగా అమ్మే ప్యాకెట్ మీద 14 అంకెల ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. లైసెన్సు నంబరు ఉండాలి, ప్యాక్ చేసిన తేదీ ఉండాలి. మూడు నెలలు దాటినదైతే రుచి ఆశించకండి.

ప్రశ్న: గింజల బదులు ఆకు కలిపి లడ్డూ చేస్తే ఆ పసరు చేదు పోయే మార్గం ఉందా?
*పేరు, ఊరు రాయని పాఠకుడు*

ఆ వంటకు మేం సాయపడం. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం ప్రకారం గంజాయి మొక్క పెంచడం, గంజాయి దగ్గర ఉంచుకోవడం నేరం. ఆ చట్టం ఇచ్చిన నిర్వచనంలో గంజాయి అంటే మొక్క పూత, కాయల కొసలు. ఆ కొసలు కలవని గింజలు అందులోకి రావు. ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. గింజల్లో కూడా మత్తు పదార్థం కిలోకు 5 మిల్లీగ్రాములు దాటకూడదని హద్దు పెట్టింది. వంట పరంగానూ ఇందులో పెద్ద ప్రమాదం ఉంది. తిన్న మత్తు పైకి రావడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఏమీ కాలేదనుకుని మళ్ళీ తింటారు. ఒకే పళ్ళెంలో ఒక ఉండకూ ఇంకో ఉండకూ మోతాదు వేరుగా ఉంటుంది. ఇంట్లో పిల్లలకు అది మామూలు లడ్డూలాగే కనబడుతుంది. తెలియక తిన్న పిల్లలు మగతగా పడి ఉంటే నిద్ర అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఏం తిన్నారో డాక్టరుకు దాచకుండా చెప్పండి.

ప్రశ్న: హెంప్ పిండి దోసెపిండిలో కలిపితే దోసె పచ్చగా, గడ్డివాసనగా వస్తోంది. ఎంత కలపొచ్చు?
*చంద్రగిరి*

నూనె తీసిన పిప్పిని విసిరిన పిండి అది. గడ్డిరుచి మొత్తం అందులోనే మిగులుతుంది. కిలో దోసెపిండికి 50 గ్రాములు దాటకండి, పులిసిన తర్వాత, పోసే అరగంట ముందు కలపండి. ముందే కలిపి పులియబెడితే వాసన పెరుగుతుంది. తరిగిన ఎర్రగడ్డ, జీలకర్ర, పచ్చిమిర్చి వేసి పల్చగా, ఎర్రగా కాలిస్తే సరిపోతుంది. పెసరట్టులో అయితే ఆ పచ్చరంగు ఎవరికీ కనబడదు, అందులో 75 గ్రాముల దాకా వెళ్ళొచ్చు.

ప్రశ్న: రోజుకు ఎంత తినొచ్చు? షుగరు ఉన్నవాళ్ళు తినొచ్చా?
*గిరింపేట, చిత్తూరు*

పొట్టు తీసిన గింజల్లో 100 గ్రాములకు దాదాపు 30 గ్రాముల మాంసకృత్తులు, 50 గ్రాములకు దగ్గరగా కొవ్వు ఉంటాయి. కాబట్టి బలమైనవే, బరువైనవి కూడా. మొదటి వారం రోజుకు రెండు టీ స్పూన్లతో మొదలుపెట్టండి. ఒకేసారి గుప్పెడు తింటే కడుపు జారుతుంది. షుగరు ఉన్నవాళ్ళు లడ్డూ కాకుండా పొడి రూపంలో తినడం మేలు, అక్కడ తంటా బెల్లంతోనే. రక్తం పల్చబడే మందులు వాడుతున్నవాళ్ళు, గర్భిణులు మాత్రం డాక్టరును అడగకుండా మొదలుపెట్టకండి.

ప్రశ్న: గానుగలో తీసిన హెంప్ నూనె కొన్నాను. తిరగమోతకు వాడితే పప్పంతా చేదైంది.
*రేణిగుంట*

ఆవాలు చిటపటలాడే వేడికి ఈ నూనె తట్టుకోదు. దాదాపు 165 డిగ్రీలకే పొగ వస్తుంది, చేదు అంతకుముందే మొదలవుతుంది. తిరగమోత వేరుశెనగ నూనెతోనే పెట్టండి. పప్పు దించి, వడ్డించే ముందు గిన్నెకు ఒక టీ స్పూను హెంప్ నూనె పైన పోయండి. ఊరుబిండిలోనూ, చల్లారిన చిత్రాన్నంలోనూ అలాగే. ఒంటరిగా ఆ ఆకుపచ్చ రుచి ఘాటుగా అనిపిస్తే ఒక వంతు హెంప్ నూనెకు మూడు వంతులు వేరుశెనగ నూనె కలిపి చిన్న సీసాలో ఉంచుకోండి. ముదురు రంగు సీసా కాకపోతే చుట్టూ కాగితం చుట్టి ఫ్రిజ్ తలుపులో కాకుండా లోపలి అరలో పెట్టండి. తలుపు తీసిన ప్రతిసారీ అక్కడి సీసాలకు వేడిగాలి తగులుతుంది. మూత తీసిన సీసాను రెండు మూడు నెలల్లో అయిపోయేట్టు వాడేయండి.